పిలిస్తే వస్తడు

మొన్న మా మనుమరాలు నన్ను మంచిర్యాలకు సినిమాకు తీస్కపోయింది. ఆకాశంల ఎగిరేటి హీరో సినిమా. మెత్తటి కుర్చీ, చల్లటి గాలి, మా కాలపు సినిమా డేరా మొత్తం పట్టేంత తెర. బతుకంత సినిమా బొమ్మలు నడిపినోన్ని కాబట్టి ఏ హాల్ల కూసున్నా నా చెవి ఎనుక దిక్కే ఉంటది, మిషిన్ సప్పుడు కోసం. ఇప్పుడు ఆ సప్పుడు లేదు. ఎనుక ఎవరన్న మనిషి ఉన్నడో లేడో కూడ తెల్వదు.

సగం బొమ్మల ఒక పట్నం కూలిపోతాంటె హీరో మస్తు మందిని ఎత్తుకొచ్చి బయటేసిండు. అంత సల్లవడ్డంక ఒక తల్లి ఆయన ముంగట నిలబడి, నా బిడ్డ పిలిచింది గద, ఎందుకు రాలె అని అడిగింది. హీరో తల దించుకున్నడు.

నేను లేసి బయటికొచ్చిన. కొద్దిసేపటికి మనుమరాలు కూడ ఉరుక్కుంట వచ్చింది.

"ఏమైంది తాతా? కండ్లు తిరుగుతున్నయా?"

"లేదు బిడ్డా. హీరో తల దించుకునుడు చూడలేకపోయిన."

"ఇప్పుడన్ని గిట్లనే ఉంటయి తాతా. హీరో ఓడిపోతడు, ఏడుస్తడు, మళ్ల లేస్తడు."

"మా కాలంల ఓడిపోయేటోడు కాదు," అన్న. "ఓడిపోయుంటె మంచిగుండేది."

ఆ మాటకు అర్థమేందని బస్సుల ఇంటిదాక అడిగింది. చెప్పిన. ఇది రాసిపెట్టు తాతా అన్నది. అందుకే రాస్తున్న. మీరంత చిన్నోళ్లు, ఏ పనిల ఉంటరో నాకు తెల్వదు. ఏ పనిల ఉన్నా ఒకనాడు మీకు ఎవరో ఒకరు వేషమేస్తరు. ఆ వేషం చూసి జనం మిమ్మల్ని ఏమడుగుతరో ముందుగాల సోంచాయించుకోండ్రి. నాకు తెలిసిన నీతి ఇంతే, ఇగ దీని మీద మళ్ల చెప్ప.

ఈ ఎగిరే హీరోలు ఒక్కనాడు పుట్టలె. నేను మిషిన్ మీద చెయ్యి పెట్టిన కొత్తల మొఖానికి నల్లగుడ్డ కట్టుకొని, గుర్రమెక్కి, కొరడా పట్టుకొని వచ్చేటోడే పెద్ద హీరో. ఆయన ఇంటి కప్పు మీదికెల్లి దునికితే డేరా లేచిపోయేటట్టు ఈలలేసేటోళ్లు. మన జానపదాలల్ల మంత్రమేస్తె చాప ఎగిరేది, మంచమెగిరేది, మనిషి దాని మీద కూసుండేటోడు. మనిషి వట్టిగ ఎగురుడు పరదేశపోళ్ల బొమ్మలతోని వచ్చింది. వాటిల పాతయి తమాషగుండేటియి. హీరో కాళ్లు నేలనిడువంగనే మనిషి మాయమై, గీసిన బొమ్మ ఎగిరేది. కూసున్నోళ్లకు దొరకకపోయేది గాని, రీలు చేతుల పట్టుకొని చూసే నాకు దొరికేది. రంగులయి వచ్చినంక మనిషే ఎగిరిండు. తీగ ఎక్కడున్నదో నాక్కూడ దొరకలె. వాటిని చూసి మనోళ్లు తీసిండ్రు, అండ్ల తీగలు నేల టికెటోళ్లకు గూడ కనవడేటియి. ఇన్ని మారినా ఒక్కటి మాత్రం మారలె. హీరో వస్తడు. ఆలస్యంగ రాడు. వచ్చినంక ఎవ్వల్ని ఇడిసిపెట్టడు.

నేను చెప్పేది ఎనభైల సంగతి. అప్పుడు నేనొక టూరింగ్ టాకీసుల ఆపరేటర్‌ను. వానలు ఎల్లినంక సిరోంచల డేరా ఏసేటోళ్లం. మళ్ల మొగులు పట్టేదాక అక్కడనే. నడుమ జాతరలుంటే అహేరి దిక్కు, జిమల్‌గట్ట దిక్కు సామాన్ల బండి కట్టుకొని పోయేటోళ్లం. హిందీ, ఇంగ్లీషు బొమ్మల డబ్బాలు చంద్రపూర్ నుంచి మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సు మీద వచ్చేటియి. తెలుగు బొమ్మలు ప్రాణహిత దాటి నావల వచ్చేటియి. ఊరు చిన్నదే గాని డేరాల మూడు భాషలు కూసుండేటియి. సర్కారు కచేరీల పనిచేసేటోళ్లది మరాఠీ, ఊరోళ్లది తెలుగు, అడవి ఊర్ల నుంచి వచ్చేటోళ్లది గోండి.

సేటు మా ఓనరు. డేరా నిండితె అందరికి చాయ్ చెప్తడు, నిండకపోతె ఎవ్వరి మొఖం చూడడు. చెడ్డోడని అనను. నెత్తి మీద గుడ్డ కప్పు ఎప్పుడు చినుగుతదో అని బతికే యాపారం ఆయనది.

మా మైకాయన సంగతి చెప్తె మీరు నమ్మరు. బక్కపలచటి మనిషి, వయసుల నాకంటె చిన్న. తండ్రి కలప డిపోల దుంగలు మోసిండు. ఈయన పిల్లగానప్పటి నుంచి ఊర్లల్ల ఆటలు కట్టిన మనిషి, గొంతు కంచుదే. పగలు మైకు పెట్టిన బండి మీద నిలబడి ఊరంత బొమ్మ సంగతి చెప్పేటోడు. బొమ్మ మొదలైనంక తెర పక్కన స్టూలు మీద కూసోని కథ చెప్పేటోడు. అది ఎందుకంటె, ఇంగ్లీషు బొమ్మల మాటలు మాలో ఎవ్వరికి తెల్వయి. ఆయనకూ తెల్వయి. ఖాళీ డేరాల ఒక్కసారి బొమ్మ ఏసి చూపిస్తె చాలు, కథ ఆయనే కట్టేటోడు. తెలుగుల ఒక మాట, మరాఠీల ఒక మాట, నవ్వొచ్చే కాడ గోండిల ఇంకో మాట. ఒకసారి అసలు కథ తెలిసిన బడి గురూజీ ఒకాయన ఇంటర్వెల్‌ల వచ్చి, ఇది అసలు కథ కాదు, కానీ ఇదే బాగున్నదని చెప్పిపోయిండు.

ఆయనకు ఒక్కటే భయముండె, నీళ్లు. డబ్బాల కోసం నావల పోయినప్పుడు నా భుజం పట్టుకొని కండ్లు మూసుకునేటోడు. నది ఒడ్డున పుట్టి ఈత రాదాయె అని నావలోళ్లు నవ్వేటోళ్లు. చిన్నప్పుడు అన్న మునిగి సచ్చిండట, తల్లి ఇగ ఈన్ని రేవుకు పంపలె.

ఆ ఏడు దీపావళి ఎల్లినంక ఒక ఇంగ్లీషు బొమ్మ వచ్చింది. పట్నాలన్ని తిరిగి తిరిగి, గీతలు పడి, తెర మీద సన్నగ వాన పడ్తున్నట్టు కనవడే ప్రింటు. కథ ఇది. గడియారాలు బాగుచేసుకునే ఒక మనిషి. ఎక్కడ ఎవరు ఆపదల పిలిచినా ఆయన చెవిన పడ్తది. చేతిల గడియారం కింద పెట్టి, నీలం బట్టలేసుకొని, మీద పసుప్పచ్చ శాలువ కట్టుకొని కిటికీల నుంచి ఎగిరిపోతడు. ఖాళీ డేరాల ఈ బొమ్మ చూసినంక మైకాయన చాన్సేపు లేవలె.

"అన్నా, మంచి బొమ్మ," అన్నడు. "వాని తానికి పోయి మొరవెట్టుకునుడు లేదు, అర్జీ లేదు, ఎన్నడు రమ్మంటవు అని అడుగుడు లేదు. పిలిస్తే వస్తడు."

ఆ మాటనే మైకుల పెట్టిండు. "పిలిస్తే వస్తడు! ఆపదల ఉన్నోళ్లు పిలువుండ్రి, ఎగిరొస్తడు!" రెండు దినాలల్ల ఊర్లె పిల్లలందరి నోట్ల అదే మాట.

సేటుకు ఆశ పుట్టింది. దర్జీని పిలిచి మైకాయనకు నీలం బట్టలు కుట్టించిండు. శాలువకు డేరా పరదాల గుడ్డ మిగిలిందుండె, పసుప్పచ్చది, మందంగుండేది. మైకాయన మొదాలు వద్దన్నడు, సిగ్గనిపిస్తుందన్నడు. తొడుక్కొని బజార్ల నిలబడ్డంక సిగ్గు పోయింది. ముసలోళ్లు కూడ చేతులెత్తి మొక్కిండ్రు, సగం నవ్వుకుంట, సగం నిజంగ. ఒక ఆడామె తప్పిపోయిన మేకను ఎతికిపెట్టమని అడిగింది. ఆయన నవ్వలె. ఏ దిక్కు పోయిందమ్మా అని అడిగి, బండి దిగి, శాలువ ఎగురుకుంట పోయి మేకను దోల్కొచ్చిండు. ఆ దినం డేరాల నిలబడ జాగ లేకుండె.

"నిజంగనే ఎగిరినట్టనిపించిందన్నా," అన్నడు నాతోని. నేను నవ్విన. మేక రెండిండ్ల అవతలనే ఉండె.

తర్వాతి అంగడి దినం సేటు కొత్త మాట చెప్పిండు. "ఇయ్యాల బజార్ల కాదు, రేవు మీద నిలబడు. అవతలి ఒడ్డోళ్లు నావ దిగంగనే నువ్వు కనవడాలె. అంగడి చేసుకొని తిన్నగ డేరాకే వస్తరు."

మైకాయన నా దిక్కు చూసిండు. నీళ్ల దగ్గరికి పోవుడు ఆయనకు ఇష్టం లేదు. ఒడ్డు మీదనే గద అన్నడు సేటు. ఒడ్డు మీదనే గద అని ఆయన కూడ అనుకున్నడు. మైకు బ్యాటరీ ఆ పొద్దు సతాయిస్తుంటె, సరిజేసెటందుకు నేను వెంబడి పోయిన. డప్పు కొట్టెటాయన ఒకడు. ముగ్గురం.

ప్రాణహిత అప్పటికి తగ్గింది. అవతలి దిక్కు ఇసుక తేలింది గాని, మన దిక్కు ఒడ్డును కోసుకుంట పారే లోతు పాయ అట్లనే ఉన్నది. నావ ఆ పాయ దాటితేనే రేవు. పొద్దు బాగ ఎక్కింది. నావ నిండ మనుషులు, గంపలు, కోళ్లు. ఒడ్డు మీద గూడ జనం మస్తుగున్నరు. నావ దగ్గరికి రాంగనే డప్పాయన దరువేసిండు, మైకాయన గట్టు మీదికెక్కి రెండు చేతులు చాపి శాలువ ఎగరేసిండు.

"పిలిస్తే వస్తడు! పిలువుండ్రి!"

నావల పిల్లలు లేసిండ్రు. పిల్లల్ని పట్టుకునుడానికి తల్లులు లేసిండ్రు. చూద్దామని మిగిలినోళ్లు లేసి ఒక్క దిక్కే వచ్చిండ్రు. నావ నడిపేటాయన "కూసోండ్రి! కూసోండ్రి!" అని మొత్తుకునుడు నాకు ఇనవడ్డది. నావ ఒక దిక్కు వంగి, మెల్లగ, తొందర లేనట్టు, బోర్లవడ్డది.

కొంచెంసేపు ఎవ్వరికి ఏం తోచలె. డప్పు అట్లనే మోగింది. చేతులకు ఆపుడు తెల్వలె అని ఆయన తర్వాత చెప్పిండు.

నావలోళ్లు, ఒడ్డున వలలు ఆరేసుకునే చేపలోళ్లు దునికిండ్రు. నేను, డప్పాయన ఛాతి లోతు దాక దిగి, ఈదుకుంట వచ్చినోళ్లకు చెయ్యి అందిచ్చి గుంజినం. గంపలు, చెప్పులు, కోళ్లు పారుకుంట పోతున్నయి. నీళ్లల్ల ఉన్నోళ్లు పిలుస్తున్నరు. ఏమని పిలుస్తరు? అమ్మా అంటరు, దేవుడా అంటరు. కానీ ఒక సన్న గొంతు మాత్రం, గట్టు మీద ఉన్న ఈయన దిక్కు చూసి పిలిచింది. ఏడెనిమిదేండ్ల పిల్ల. మాట సక్కగ ఇనవడలె గాని, ఎవ్వల్ని పిలుస్తుందో రేవు మీద అందరికి తెలిసింది.

జనం ఆయన దిక్కు తిరిగిండ్రు.

"పో! నిలబడ్డవేంది? పో!"

ఎవరన్నరో నాకు ఇప్పటికి తెల్వదు. ఒక్కరు కాదు. ఎనుక నుంచి, పక్క నుంచి అన్నరు. ఎగురమని ఎవ్వరనలె, వాళ్లకు అంత తెలివి లేక కాదు. కానీ అసొంటి బట్టలేసుకున్న మనిషి పోకుంట ఉంటడని వాళ్లకు అనిపించలె. నేను "వద్దు, వాడికి రాదు!" అని ఒర్రిన. నీళ్ల సప్పుడుల అది నాకే ఇనవడలె.

మైకాయన దిగిండు. నడుములోతు దాక నడిచిండు, మరో అడుగు ఏసిండు, అక్కడ నేల లేదు. మందం గుడ్డ శాలువ నీళ్లు తాగి మొఖానికి చుట్టుకున్నది. ఒకసారి తేలిండు, మునిగిండు. అప్పటికి ఒక ముసలి చేపలాయన ఆ పిల్ల దిక్కు ఈదుతున్నడు. ఇద్దరు దగ్గర దగ్గరనే ఉండిరి. ఆయన ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు ఏసిండు.

తర్వాత ఆ చేపలాయన ఒడ్డు మీద కూసోని, ఎవ్వరు అడుగకపోయినా, అదే మాట మళ్ల మళ్ల చెప్పిండు. "శాలువ చేతికి దొరికింది. పిల్ల జుట్టు దొరికింది గాని, నూనె వెట్టి దువ్విరి. జారింది. నూనె వెట్టి దువ్విరి."

అంగడికి, బొమ్మకు తీస్కపోతున్నమని తల్లి తలకు నూనె పెట్టి జడేసింది. ఆ పిల్ల తెల్లారి గోదావరి సంగమం దిక్కు ఇసుకల దొరికింది. తక్కినోళ్లందరు బతికిండ్రు.

ఇంతమంది బతికిండ్రు అని ఎవ్వరనలె. నావల మనుషుల్ని ఎక్కువ ఎక్కించిండ్రు అనలె. ఊరంత ఒక్కటే మాట. కొందరు, గట్ల దివిటీ లెక్క నిలబడి పిల్లల్ని లేపిందే వాడన్నరు. అది నిజమే గద, ఏం జెప్తం. ఇంకొందరు, ఈత రానోడు ఎందుకు దిగిండు, వీన్ని గుంజుకొచ్చుడుల పిల్ల పోయిందన్నరు. అది కూడ నిజమే. రేవు మీద పో పో అని నూకినోళ్లు కూడ ఆ మాటే అన్నరు. వాళ్లు అబద్ధం ఆడుతున్నరని నాకనిపించలె. తామే అన్నమని వాళ్లకు యాదికి లేదు.

పోలీసు జమాదారు డేరాకు వచ్చి అడిగిండు. సేటు, "రేవుకు పొమ్మని నేను చెప్పలె, వాడే పోయిండు," అన్నడు. నేను పక్కనే ఉన్న. "సేటే చెప్పిండు సాబ్, నా ముంగటనే చెప్పిండు," అన్న. జమాదారు నా దిక్కు ఒకసారి చూసిండు. రాసుకోలె. సేటు నన్ను పనిలకెల్లి తీసేస్తడనుకున్న. మిషిన్ తెలిసినోడు ఇంకొకడు దొరకక ఉంచుకున్నడు.

డేరా కొన్నిదినాలు మూసి ఉంచినం. మైకాయన ఇంటికి పోలె. ఇంటికాడ వాడకట్టోళ్లు వచ్చి అడుగుతున్నరని తెర ఎనుక చాప ఏసుకొని పడుకునేటోడు. భార్య అన్నం తెచ్చి పెట్టిపోయేది. గొంతు మాత్రం పోయింది. నీళ్లు మింగినందుకు అని వైద్యుడు అన్నడు. కొన్నాళ్లకు వస్తదన్నడు.

ఒక పగటీలి, నేను మిషిన్‌ల దీపపు కడ్డీల కార్బన్ పొడి తుడుస్తున్న. డేరా ముంగట ఒక మనిషి వచ్చి నిలబడ్డడు. ధోతి, భుజం మీద తువ్వాల, కాళ్లకు ఆరిన ఇసుక. ఎవరని నేనడుగలె. మొఖం చూస్తేనే తెలిసింది, ఆ పిల్ల తండ్రి. ఇగ కొడ్తడనుకున్న. ఆపుదామా వద్దా అని కూడ నాకు తెల్వలె.

"కథ చెప్పెటాయన ఎక్కడున్నడు?" అన్నడు.

తెర పక్కకెల్లి మైకాయన వచ్చిండు. నీలం బట్టలు లేవు, పాత బనీను. వచ్చి తండ్రి ముంగట నిలబడి రెండు చేతులు జోడిచ్చిండు.

"కూసో," అన్నడు తండ్రి. ఆయన కూడ నేల మీద కూసున్నడు. నేల టికెటోళ్లు కూసునే కాడ. "వారం సంది పిల్ల పాణం తీసిందయ్యా. బొమ్మ చూస్త, ఎగిరేటాయన్ను చూస్త అని. మా బావమరిది పిల్లలు ఈడ చూసిపోయి చెప్పిండ్రు. పంట కోత ఇడిసిపెట్టి ఎల్లినం. నాకు బొమ్మలు తెల్వయి, నేనెన్నడు చూడలె. అండ్ల ఏముంటదో జర చెప్పు."

"బొమ్మ ఏసి చూపిస్త పటేలా," అన్న నేను. వద్దని చెయ్యి ఊపిండు.

"చూడొద్దు నాకు. చెప్తె ఇంట. పిల్ల ఏం జూద్దామని వచ్చెనో ఎరుకయితె చాలు."

మైకాయన చెప్పుడు మొదలుపెట్టిండు. గొంతు లేదు, గుసగుస లెక్క వస్తున్నది. ఖాళీ డేరాల తెల్ల తెర ముంగట ఇద్దరు మనుషులు, ఒకరు చెప్తున్నరు, ఒకరు ఇంటున్నరు. గడియారాల దుకాణం చెప్పిండు. కిటికీ చెప్పిండు. మొదటిసారి ఎగిరినప్పుడు ఆయన భయపడి ఇంటి కప్పును పట్టుకునే సంగతి చెప్పిండు. అది నవ్వొచ్చే కాడ, డేరాల ఎప్పుడు నవ్వేటోళ్లు. తండ్రి కూడ, తెల్వకనే, జర నవ్విండు. నవ్వి తువ్వాల మూతికి అడ్డం పెట్టుకున్నడు.

ఇగ వంతెన కాడికి వచ్చింది. ఆ బొమ్మల పెద్ద సీను అదే. వంతెన కూలుతది, బండిలకెల్లి ఒక పిల్ల కిందికి పడ్తది, కింద నది. మైకాయన అక్కడ ఆగిండు. మైకుల ఎన్నిసార్లు చెప్పిండో ఆ సీను, చెప్తాంటె జనం లేసి నిలబడేటోళ్లు. ఇప్పుడు ఆయన పెదవులు ఆడినయి గాని మాట రాలె.

తండ్రి జర ముందుకు జరిగిండు.

"పట్టుకుంటడా?" అన్నడు.

"పట్టుకుంటడు," అన్నడు మైకాయన.

"నీళ్లల్ల పడకముందే?"

"నీళ్లల్ల పడకముందే. పాదం కూడ తడవదు."

తండ్రి తల ఊపిండు. ఎవరికో సమాధానం చెప్పినట్టు, రెండు మూడు సార్లు ఊపిండు. తువ్వాల దులుపుకొని లేసిండు. పోతపోత నిలబడి, "నీకు ఈత రాదట గద," అన్నడు.

"రాదు."

"రానోనివి దిగితివి." అంతే అన్నడు. తిట్టిండో, మెచ్చుకున్నడో, ఉత్తగనే అన్నడో, నాకు ఇప్పటికి తెలిసిరాలె. రేవు దిక్కు నడిచిపోయిండు.

మైకాయన అక్కడనే కూసున్నడు. పొద్దుగూకేదాక లేవలె. తెల్లారి భార్యను తీస్కొని అహేరి పోయే బస్సెక్కిండు. సేటు ఆపలె. బస్సు కాడికి నేనొక్కన్నే పోయిన. బస్సు కదిలే ముందు, మిషిన్ల రీలు నడిచే గేటు ఎడమ దిక్కు వదులయింది, చూసుకో అన్నా అన్నడు. గొంతు ఇంక రాలె.

తర్వాతి ఏడు సేటు అదే బొమ్మ మళ్ల తెప్పిచ్చిండు. అప్పటికి ఒక దుకాణపాయన వీడియో పెట్టిండు, చిన్న గదిల టీవీ ముంగట జనం కిక్కిరిసి కూసుంటున్నరు. డేరా నడువాలంటె ఎగిరే మనిషే రావాలన్నడు సేటు. ఎవ్వరు మాట్లాడుకోరు, జనం అన్ని మరిచిపోయిండ్రన్నడు. నేను వద్దన్న. ఆయన ఇనలె.

డేరా నిండింది. తెర పక్కన స్టూలు మీద ఎవ్వరు లేరు. కథ చెప్పెటోడు లేక జనం కొద్దిసేపు గుసగుసలు పెట్టుకున్నరు. వంతెన సీను వచ్చింది. హీరో ఎగిరొచ్చి పిల్లను పట్టుకున్నడు. పట్టుకున్నంక, నేల మీద కూసున్నోళ్లల్ల ఎవ్వడో గట్టిగ, "ఈయనకు ఈత వస్తదిరా!" అన్నడు.

నవ్విండ్రు. డేరా మొత్తం నవ్వింది. కుర్చీల నవ్విండ్రు, నేల మీద నవ్విండ్రు. నావ మునిగిన నాడు రేవు మీద తడిబట్టలతోని కూసున్నోళ్లు కూడ అండ్ల ఉండిరి, వాళ్లు కూడ నవ్విండ్రు. నేను మిషిన్ పక్కన నిలబడి, కార్బన్ కడ్డీలు దగ్గరికి జరుపుకుంట ఉన్న. వెలుగు తగ్గకుంట చూసుకునుడు నా పని.

ఆ బొమ్మ అయిపోయినంక సేటు అందరికి చాయ్ చెప్పిండు. నేను తాగలె. అట్ల తాగకపోవుడు తప్ప నేను చేసిందేం లేదు. కొన్నేండ్లకు వీడియోలు ఊరూరికి వచ్చినయి, డేరా లేసిపోయింది, నేను నది అవతల ఒక పక్కా టాకీసుల పని చూసుకున్న.

ఆ పని మీదనే, మిషిన్ సామాను కోసం చంద్రపూర్ పోతాంటె, అహేరి బస్టాండుల మైకాయన కనవడ్డడు. బయట కట్టెల బెంచి మీద కూసోని, పక్కన ఆకు పొట్లాలల్ల కట్టిన పండ్లు పెట్టుకొని అమ్ముతున్నడు. అరుస్తలేడు. పక్కన అమ్మెటోళ్లు గొంతు చించుకుంటున్నరు, ఈయన ఊకెనే కూసున్నడు, ఎవరన్న వచ్చి అడిగితె ఇస్తున్నడు. గొంతు వచ్చిందన్నడు గాని, సగమే వచ్చింది.

"బాగున్నవా అన్నా?"

"ఉన్న. నువ్వు?"

"ఇగో, గిట్ల."

నన్ను పక్కన కూసోపెట్టుకొని, ఒక పొట్లం ఇప్పి చేతుల పెట్టిండు. తింటన్న. బస్సులొస్తున్నయి, పోతున్నయి. ఆయన నా దిక్కు చూడకుంటనే అడిగిండు.

"ఆ బొమ్మ మళ్ల వచ్చిందట గద సిరోంచకు?"

"వచ్చింది."

"జనమేమన్నరు?"

నాకు ఆ నవ్వు చెవుల మోగింది. నోట్ల ఉన్నది మింగి, "జనమేడికెల్లి వస్తరు," అన్న. "ఎవ్వరు రాలె. ఖాళీ డేరాల నడిపిన."

ఆయన మొఖం సల్లవడ్తదనుకున్న. పడలె. మిగిలిన పొట్లాలను సరిజేసుకున్నడు.

"పాపం," అన్నడు. "మంచి బొమ్మ అది."